కొండ మీది పేద బడికి మిషన్ ట్రిప్: వెళ్లేముందు యూత్ లీడర్లు తెలుసుకోవాల్సినవి

ప్రశ్న: "మాది విజయవాడ దగ్గర ఒక సంఘం. పాడేరు వైపు కొండల్లో ఒక క్రైస్తవ ట్రస్టు నడిపే చిన్న తెలుగు మీడియం స్కూలు ఉంది, దానికి హాస్టల్ కూడా ఉంది. పిల్లలు 140 మంది దాకా ఉంటారు. మా యూత్ నుంచి 18 మందిమి వారం రోజులు అక్కడ సేవ చేయాలనుకుంటున్నాం. 4 లక్షలు పోగయ్యాయి. వీబీఎస్ (పిల్లలకు పాటలు, కథలతో నడిపే వెకేషన్ బైబిల్ స్కూల్) పెట్టడం, బట్టలు, బొమ్మలు పంచడం, గోడలకు రంగులు వేయడం, ఒకరోజు మెడికల్ క్యాంపు, ఇదీ ప్లాను. అమెరికాలో ఉన్న మా బంధువుల సంఘం నుంచి నలుగురు వచ్చి కలుస్తామంటున్నారు. ఇంకా ఏం చేస్తే బాగుంటుందో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి."

బ్రదర్, ప్రభువు నామంలో వందనాలు. నేను మిషన్ స్కూల్లో టీచరుగా చేరి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. మీలాంటి టీములు వచ్చినప్పుడు గేటు లోపల నిలబడి స్వాగతం చెప్పిన మనిషిని. రిటైరయ్యాక మా సంఘం యువతను వెంటపెట్టుకుని కొండ ప్రాంతం బడులకు వెళ్తున్నాను. రెండు వైపులా చూశాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందుగా అసలు విషయం. మీరు అక్కడ ఉండేది వారం. మిగిలిన యాభై ఒక్క వారాలు ఆ పిల్లల దగ్గర ఉండేది టీచర్లు, వార్డెన్, వంటామె, సెలవులకు ఇంటికి తీసుకెళ్లే అమ్మానాన్నలు. మీరు చేసే ప్రతి పనీ ఆ పెద్దల చేతికి బలం ఇవ్వాలి. మీరు బస్సెక్కాక పిల్లల కళ్లలో వాళ్ల టీచరు విలువ పెరిగిందంటే మీ సేవ బాగా జరిగినట్టే. "ఆ అన్నలు వస్తేనే మాకు అన్నీ వస్తాయి, మా సారు ఏమీ ఇవ్వడు" అని పిల్లలు అనుకునేలా చేసి వస్తే, ఎంత ప్రేమతో చేసినా ఆ బడికి నష్టమే. మీ ప్లానులో ఉన్న ప్రతి దాన్నీ ఈ ఒక్క ప్రశ్నతో చూడండి.

కాబట్టి మొదటి పని, ప్లాను పక్కన పెట్టి హెడ్‌మాస్టర్ గారికి ఫోన్ చేయడం. ట్రస్టు సెక్రటరీకి కాదు, బడిలో రోజూ ఉండే మనిషికి. "మేం ఇవి చేద్దామనుకుంటున్నాం, బాగుందా?" అని అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు. సాయం చేస్తామని వచ్చేవాళ్లకు వద్దని చెప్పే ధైర్యం చిన్న బడి హెడ్‌మాస్టరుకు ఉండదు. అందుకని ఇలా అడగండి: "ఈ సంవత్సరం మీకు నిద్ర పట్టనివ్వని సమస్య ఏంటి సార్? అందులో మేం చేయగలిగింది ఏమైనా ఉందా? ఏ నెలలో వస్తే మీకు ఇబ్బంది ఉండదు?" ఒకసారి అడిగి వదిలేయకండి. రెండోసారి, మూడోసారి మాట్లాడితేనే అసలు సంగతులు బయటికొస్తాయి. వీలైతే మీలో ఇద్దరు ముందుగా వెళ్లి ఒక రోజు ఉండి రండి. వార్డెన్‌తో, వంటామెతో విడిగా మాట్లాడండి. హెడ్‌మాస్టర్ గారికి తెలియని విషయాలు వంటామెకు తెలుస్తాయి.

ఏ నెల అన్న ప్రశ్న చిన్నది కాదు. సంఘాలన్నీ డిసెంబరులోనే వెళ్తాయి. సెమీ క్రిస్మస్ పేరుతో ఒకే బడికి వరసగా టీములు వస్తుంటే, పిల్లలు అదే డ్యాన్సు, అదే పాట ప్రతి టీము ముందూ చేయాలి. పాఠాలు ఆగిపోతాయి. ఆ సీజన్ వదిలేయండి. జులై నుంచి అక్టోబరు దాకా ఆ కొండల్లో వానలు, మలేరియా, ఘాట్ రోడ్డు కష్టాలు. నన్నడిగితే దసరా సెలవులు అయిపోయి పిల్లలు తిరిగొచ్చాక, పరీక్షలు లేని వారం చూసుకుని నవంబరులో వెళ్లమంటాను. చలి మొదలయ్యే ముందు రగ్గులు చేరితే అవి వాళ్లకు చలికాలమంతా ఉపయోగపడతాయి. లంబసింగి వైపు చలి ఎలా ఉంటుందో మీరు వినే ఉంటారు.

ఫోన్లో అడగాల్సిన ఇంకో సంగతి, ఆ బడి, హాస్టల్ ఏ కోవలోవి అని. ప్రభుత్వ గుర్తింపు ఉందా? ఎయిడెడ్ స్కూలా (ప్రభుత్వ ఆర్థిక సాయం అందే ప్రైవేటు బడి), కాదా? మధ్యాహ్న భోజన పథకం ప్రభుత్వ బడులకు, ఎయిడెడ్ బడులకే వర్తిస్తుంది. ఎయిడ్ లేని ట్రస్టు బడి అయితే బియ్యం, పప్పు, గుడ్డు, నూనె అన్నీ వాళ్లే చూసుకోవాలి. అప్పుడు వాళ్ల కష్టం ఎక్కడుందో మీకు అర్థమవుతుంది. హాస్టల్లో అనాథలను, ఎవరూ లేని పిల్లలను ఉంచుతున్నారంటే జువెనైల్ జస్టిస్ చట్టం 2015, సెక్షన్ 41 కింద ఆ హాస్టల్ రిజిస్టరై ఉండాలి. ఆ కాగితం చూపించమని మర్యాదగా అడగండి. అడగడం అనుమానం కాదు, బాధ్యత. "అనాథాశ్రమం" అని బోర్డు ఉన్న చాలా చోట్ల పిల్లలకు తల్లో తండ్రో బతికే ఉంటారు. ఇంటికి దగ్గర్లో చదువు లేక, పేదరికం వల్ల పంపించి ఉంటారు. 2019లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం కూడా అనాథాశ్రమాలకు వాలంటీర్లు టూరు వెళ్లినట్టు వెళ్లడం వల్ల పిల్లలకు జరిగే హాని గురించి దేశాలను హెచ్చరించింది. దాతలు వచ్చే కొద్దీ పిల్లలను ఇళ్ల నుంచి తెచ్చి నింపే సంస్థలు ప్రపంచంలో చాలా చోట్ల బయటపడ్డాయి కాబట్టి. మీరు వెళ్లే చోట పిల్లలు సెలవులకు ఇంటికి వెళ్తున్నారా, తల్లిదండ్రులు వచ్చి చూస్తున్నారా అన్నది తప్పకుండా కనుక్కోండి.

18 మంది అన్నారు. 140 మంది పిల్లలున్న చిన్న ప్రాంగణంలో 18 మంది పెద్దవాళ్లు వారం ఉంటే నీళ్లు, బాత్‌రూములు, వంట అన్నీ వాళ్ల మీదే పడతాయి. అతిథులకు అన్నం పెట్టడం కోసం అప్పు చేసే పాస్టరమ్మలు నాకు తెలుసు. మనకు కోడికూర పెట్టిన రోజు లెక్క తర్వాత హాస్టల్ పిల్లల పప్పులో కనబడుతుంది. ఆరుగురు చొప్పున మూడు బృందాలుగా చేసి, నవంబరులో ఒకటి, ఫిబ్రవరిలో ఒకటి, జూన్ చివర్లో ఒకటి వెళ్లండి. మీ బియ్యం, కూరగాయలు, గ్యాసు ఖర్చు మీవే. వంటామెకు ఆ వారానికి అదనంగా డబ్బు ఇవ్వండి. బస పాడేరులో చూసుకుంటే ఇంకా మంచిది. రాత్రిళ్లు హాస్టల్లో పడుకోవాల్సిన అవసరం మీకు లేదు.

ఇక డబ్బు. నాలుగు లక్షల్లో ప్రయాణానికి, టీషర్టులకు, ఫ్లెక్సీలకు ఎంత పోతుందో ముందు నిజాయితీగా లెక్క వేయండి. బ్యానర్, టీషర్టు రెండూ తీసేయండి. గోడలకు రంగుల సంగతి: మీ పిల్లలు సరదాగా వేస్తారు, ఫొటోలు బాగుంటాయి, ఒక వానాకాలం పోయేసరికి పెచ్చులూడతాయి. నిజంగా రంగు అవసరమైతే అక్కడి పెయింటరుకు కూలి ఇచ్చి వేయించండి. ఆ ఊరి మనిషికి పని దొరుకుతుంది, పిల్లల్లో ఒకరి తండ్రే ఆ పని చేసేవాడైతే ఇంకా మంచిది. కానీ నేను చూసినంతలో కొండ బడులకు రంగు కంటే ముందు కావాల్సినవి వేరే ఉంటాయి. ఆడపిల్లల బాత్‌రూము తలుపుకు గడియ. లోపల కొళాయి, బకెట్టు, లైటు. నెలసరి సమయంలో వాడిన ప్యాడ్లు పడేయడానికి మూత ఉన్న డబ్బా, తర్వాత వాటిని పారవేసే ఏర్పాటు. పెద్ద పిల్లలు బడి మానేయడానికి ఈ చిన్న విషయాలే కారణమవుతాయి, వాటిని ఎవరూ మైకులో అడగరు. మీ బృందంలోని ఆడపిల్లలు వార్డెనమ్మతో కూర్చుని మాట్లాడితే ఈ జాబితా అరగంటలో తయారవుతుంది.

ఇంకోటి, టీచర్ల జీతాలు. నాకు తెలిసిన చాలా చిన్న మిషన్ స్కూళ్లలో టీచరు జీతం పదివేలు దాటడం అరుదు, అది కూడా నెల నెలా సమయానికి రాదు. రెండు నెలల జీతం బాకీ ఉన్న టీచరు మీ టీముకు చప్పట్లు కొడుతూ నిలబడి ఉంటుంది. జీతాలివ్వడానికి దాతలు ముందుకు రారు, ఎందుకంటే దాన్ని ఫొటో తీయలేం. మీ నాలుగు లక్షల్లో సగం, అవసరమున్న ఒక సబ్జెక్టుకు ఒక టీచరు ఏడాది జీతంగా ఇస్తే ఆ పిల్లలకు ఏడాదంతా లెక్కలు చెప్పే మనిషి ఉంటుంది. స్థానికంగా గిరిజనులు మాట్లాడే కువి గానీ, ఆదివాసీ ఒడియా గానీ వచ్చిన అమ్మాయి దొరికితే ఒకటి, రెండు తరగతులకు ఆమెను పెట్టించండి. దీన్ని ఏడాదితో ఆపేసేటట్టయితే ముందే ఆ మాట చెప్పండి. కనీసం మూడేళ్లు ఇవ్వగలమా అని మీ సంఘ పెద్దలతో ఇప్పుడే మాట్లాడండి.

బట్టలు, బొమ్మల విషయంలో నా సలహా సూటిగానే ఉంటుంది. బొమ్మలు వద్దు. హాస్టల్లో దాచుకునే చోటు లేని పిల్లలకు బొమ్మ ఇస్తే సాయంత్రానికల్లా గొడవలు, దొంగతనాలు. దాని బదులు తాళం పడే రేకు పెట్టె ప్రతి పిల్లకూ ఉందో లేదో చూడండి. తనదంటూ ఒక పెట్టె ఉన్న పిల్ల హాస్టల్లో ఎంత నిశ్చింతగా ఉంటుందో నేను చూశాను. ఇంకా లోదుస్తులు, చెప్పులు, రగ్గులు, సబ్బు, కొబ్బరినూనె, గోళ్లు కత్తిరించేవి. లోదుస్తులు, చెప్పులు కొనేముందు సైజులు వార్డెన్ చేత రాయించుకోండి, అందాజుగా కొంటే సగం వృథా. పాత బట్టల మూటలు మాత్రం తీసుకెళ్లకండి. మన ఇంట్లో పనికిరానిది ప్రభువు పేరుతో ఇవ్వకూడదు.

పంచేటప్పుడు స్టేజీ వేసి, పిల్లలను లైన్లో నిలబెట్టి, ఒక్కొక్కరినీ పిలిచి, కెమెరా వైపు చూడమని ఇవ్వడం దయచేసి చేయకండి. సరుకంతా స్టోర్ రూములో దించి హెడ్‌మాస్టర్ గారికి రసీదు మీద అప్పజెప్పండి. పంచేది క్లాసు టీచరు. మీరు వెళ్లిపోయాక పంచినా సరే. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పింది ఇలాంటి సందర్భం గురించే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయానికి వస్తాను. మీ 18 మందిలో అందరికీ తెలుగు చదవడం వచ్చు. అదే మీ దగ్గరున్న పెద్ద ఆస్తి. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ సండే స్కూలు ఉద్యమానికి ఊపిరి పోసినప్పుడు, వారమంతా పనికి వెళ్లే పేద పిల్లలకు ఆదివారం చదవడం నేర్పించడమే అందులో ప్రధానమైన పని. మనం ఇప్పుడు యాక్షన్ సాంగ్స్ నేర్పి సరిపెడుతున్నాం గానీ, సండే స్కూలు పుట్టింది అక్షరం కోసం.

పరిస్థితి ఎలా ఉందో చూడండి. గ్రామీణ ప్రాంతాల్లో ప్రథమ్ సంస్థ జరిపించే అసర్ సర్వే 2024లో చూస్తే, ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు దేశం మొత్తం మీద 23.4 శాతమే. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకే చదవడం కష్టమవుతున్నప్పుడు, కువి మాట్లాడే ఇంటి నుంచి వచ్చి, ఒకటో తరగతిలో మొదటిసారి తెలుగు వింటున్న పిల్లవాడి సంగతి ఆలోచించండి. వాడు మొద్దు కాదు. పాఠం వాడికి తెలియని భాషలో ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టించే కార్యక్రమం వచ్చింది ఈ కారణం వల్లే.

మీరు చేయగలిగిందేమిటంటే, మొదటి రెండు రోజులు మూడో తరగతి నుంచి ఏడో తరగతి దాకా ఒక్కో పిల్లవాణ్నీ పక్కన కూర్చోబెట్టుకుని ఎంతవరకు చదవగలడో చూడటం. అసర్ వాళ్ల పద్ధతి చాలా సులువు. ముందు ఒక చిన్న పేరా ఇస్తారు. చదివితే కథ ఇస్తారు. చదవలేకపోతే పదాలు, అవీ రాకపోతే అక్షరాలు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు చాలు. పక్కన క్లాసు టీచరు ఉండాలి, ఫలితం టీచరు రిజిస్టర్‌లోనే రాయాలి. ఆరో తరగతి పిల్లవాడు అక్షరాల దగ్గర ఆగిపోతే ముఖం మాడ్చకండి, నవ్వకండి, "ఇంతేనా" అనకండి. టీచరును కూడా తప్పు పట్టకండి. ఆమె చేతిలో రెండు మూడు తరగతులు ఒకే గదిలో ఉంటాయి.

తర్వాత రోజుల్లో తరగతిని బట్టి కాకుండా, చదవగలిగే స్థాయిని బట్టి పిల్లలను గుంపులు చేసి రోజూ ఒక గంట చదివించండి. అక్షరాల గుంపు, పదాల గుంపు, పేరా గుంపు. ప్రథమ్ సంస్థ ఈ పద్ధతిని చాలా రాష్ట్రాల్లో నడిపింది. వారంలో అద్భుతాలు జరగవు. కానీ టీచర్లు మీతో పాటు ఉండి చేస్తే, ఆ గంట మీరు వెళ్లాక కూడా కొనసాగుతుంది. ఫిబ్రవరిలో రెండో బృందం వెళ్లినప్పుడు అదే రిజిస్టర్ తెరిచి, ఎవరు ఎంత ముందుకొచ్చారో చూడొచ్చు.

పుస్తకాలు కొనండి. మంచి పుస్తకం వాళ్లవి, ప్రథమ్ బుక్స్ వాళ్లవి, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్లవి తెలుగులో చిన్నపిల్లల కథలు తక్కువ ధరకు దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైటు నుంచి ఉచితంగా డౌన్‌లోడ్ చేసి ప్రింటు తీసుకోవచ్చు. వాటిని బీరువాలో పెట్టి తాళం వేస్తే లాభం లేదు. గోడకు ఒక తాడు కట్టి, పుస్తకాలు దాని మీద వేలాడదీయండి. చిరిగితే చిరగనివ్వమని టీచర్లకు చెప్పండి. ఒక పని మీ యూత్‌కు బాగా నచ్చుతుంది: ఎనిమిదో తరగతి పిల్లల చేత వాళ్ల అమ్మమ్మ చెప్పిన కథ కువిలో చెప్పించి, తెలుగు లిపిలో రాయించి, కింద తెలుగులో కూడా రాసి, బొమ్మలు వేయించి కుట్టండి. ఒకటో తరగతి పిల్లలకు అర్థమయ్యే మొదటి పుస్తకం అదే అవుతుంది. కథ రాసిన పిల్లల పేర్లు అట్ట మీద ఉండాలి. మీ సంఘం పేరు అక్కర్లేదు.

మెడికల్ క్యాంపు గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. డాక్టరు లేకుండా మాత్రలు పంచకండి. విటమిన్లు, నులిపురుగుల మందు అందరికీ ఇచ్చేద్దాం అనుకుంటారు. నులిపురుగుల మాత్ర, అంటే ఆల్బెండజోల్, ప్రభుత్వం ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల ద్వారానే ఇప్పిస్తుంది. ఐరన్ మాత్రలు కూడా ఆరోగ్య శాఖ నుంచి వస్తాయి. అవి ఈ బడికి అందుతున్నాయా అని పీహెచ్‌సీలో కనుక్కోవడం మీరు చేయాల్సిన పని. అందకపోతే హెడ్‌మాస్టర్ గారితో కలిసి వెళ్లి మెడికల్ ఆఫీసరును కలవండి. జ్వరం, చలి ఉన్న పిల్లలకు పారాసిటమాల్ ఇచ్చి పడుకోబెట్టడం ఆ ప్రాంతంలో ప్రమాదం, వెంటనే ఆశా దగ్గర గానీ పీహెచ్‌సీలో గానీ మలేరియా పరీక్ష జరగాలి. కొండ ప్రాంతాల్లో సికిల్ సెల్ అనే, వంశపారంపర్యంగా వచ్చే రక్తం జబ్బు కూడా ఉంది. మాటిమాటికీ ఒళ్లునొప్పులతో ఏడ్చే, పాలిపోయిన పిల్లలు కనబడితే పరీక్ష చేయించమని చెప్పండి.

హాస్టళ్లలో ఎక్కువగా ఉండేది గజ్జి. ఒకరికి మందు రాస్తే తగ్గదు. డాక్టరు రాసిన మందు ఆ గదిలో పడుకునే అందరికీ ఒకే రాత్రి రాయాలి, డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ రాయాలి. అదే రోజు దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. 140 మంది దుప్పట్లు ఉతకడానికి మనుషులు కావాలి. ఇక్కడ మీ యువకుల చేతులు నిజంగా పనికొస్తాయి. కాగే నీళ్లు, సబ్బుపొడి, కట్టెలు, రోజంతా పని. గోడలకు రంగు వేసే ఉత్సాహం దీని మీద పెట్టండి. అలాగే కళ్లు. ఆరు మీటర్ల దూరంలో అక్షరాల చార్టు పెట్టి చూపు తగ్గిన పిల్లలను టీచర్లే గుర్తించొచ్చు, ఆ తర్వాత కంటి డాక్టరుకు చూపించి అద్దాలు ఇప్పించండి. బోర్డు కనబడక వెనకబడిన పిల్ల ప్రతి బడిలోనూ కనీసం ఒకరైనా ఉంటారు.

వీబీఎస్ గురించి మీరు చాలా ఉత్సాహంగా రాశారు. పాటలు, కథలు పిల్లలకు ఇష్టమే, నాకూ ఇష్టమే. కానీ చట్టం తెలుసుకుని చేయండి. పూర్తిగా ప్రభుత్వ ఖర్చుతో నడిచే బడిలో మతబోధ అసలు కుదరదు. ట్రస్టు బడి అయినా, ప్రభుత్వ గుర్తింపు గానీ ఎయిడ్ గానీ ఉంటే, రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం మైనర్ పిల్లలను తల్లిదండ్రుల సమ్మతి లేకుండా ప్రార్థనలో, బోధలో పాల్గొనమని ఒత్తిడి చేయకూడదు. అక్కడ క్రైస్తవేతర కుటుంబాల పిల్లలు తప్పకుండా ఉంటారు. కాబట్టి వీబీఎస్ బడి సమయం అయిపోయాక, వచ్చేవాళ్లకే, తల్లిదండ్రుల అనుమతి తీసుకుని పెట్టండి. రాని పిల్లలకు అదే సమయంలో ఆటలుండాలి. బిస్కెట్లు, బహుమతులు వీబీఎస్‌కు ముడిపెట్టకండి. "ప్రార్థనకు వచ్చినవాళ్లకే రగ్గు" అనే మాట ఎవరి నోటి నుంచీ రాకూడదు. మీరు ఒడిశా సరిహద్దు దాటి కోరాపుట్ వైపు ఏదైనా గ్రామానికి వెళ్లాలనుకుంటే, అక్కడ 1967 నుంచి ప్రలోభంతో మతం మార్పించడాన్ని నేరంగా చూసే చట్టం ఉందని గుర్తుంచుకోండి.

చట్టం కోసమే చెప్తున్నానని అనుకోవద్దు. ఇది మన తెలుగు సంఘం పెద్దలు నడిచి చూపిన దారి. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి పని చూపించాడు. ఆ సమయంలో బాప్తిస్మం ఇమ్మని వచ్చినవాళ్లు లెక్కలేనంతమంది. అన్నం కోసం వస్తున్నారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ముగిశాకే మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. రొట్టెను, విశ్వాసాన్ని వేరుగా ఉంచిన ఆ నిగ్రహం మీ బృందానికి చెప్పండి. బస్సులో వెళ్తూ చెప్పుకోదగ్గ కథ ఇది.

పిల్లల భద్రత విషయంలో ఏ మినహాయింపూ పెట్టుకోవద్దు. ఏ పెద్దమనిషీ ఏ పిల్లతోనూ ఒంటరిగా గదిలో ఉండకూడదు, మీ పాస్టరు గారైనా సరే. మగవాళ్లు ఆడపిల్లల హాస్టల్ వైపు వెళ్లకూడదు. పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, ముద్దులు, చాటుగా చాక్లెట్లు, ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోవడం, ఇన్‌స్టాలో ఫాలో చేయడం అన్నీ బంద్. వెళ్లేముందు మీ 18 మందితో, వచ్చే నలుగురితో ఒక కాగితం మీద సంతకం చేయించండి. ఏ పిల్లయినా తనకు హాని జరిగిందని మీతో చెబితే, దాన్ని "సంఘం పరువు" పేరుతో దాచడం నేరం. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 2012 ప్రకారం తెలిసినవాళ్లు తప్పకుండా పోలీసులకు చెప్పాలి. పిల్లల కోసం ఉన్న 1098 హెల్ప్‌లైన్ ఎప్పుడైనా పనిచేస్తుంది. ఆ పిల్లను గుచ్చి గుచ్చి అడక్కండి, నలుగురి ముందు ప్రార్థనాంశంగా పెట్టకండి.

ఫొటోలు కూడా ఇందులో భాగమే. సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, ఊరు, బడి, ముఖం బయటపెట్టడాన్ని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తుంది. అది పక్కన పెట్టినా, చిరిగిన చొక్కాతో ఉన్న తన ఫొటో ఎక్కడో సంఘం స్క్రీను మీద పడుతుందని ఆ పిల్లకు తెలియదు. పదేళ్ల తర్వాత ఆమె నర్సు అవుతుంది, టీచరు అవుతుంది, ఆ ఫొటో ఇంకా ఫేస్‌బుక్‌లోనే ఉంటుంది. దాతలకు రిపోర్టు కావాలంటే బిల్లులు, గడియ బిగించిన తలుపు, పుస్తకాల తాడు, చదువు రిజిస్టర్‌లోని అంకెలు చూపించండి.

అమెరికా బంధువుల సంగతి ఇప్పుడే తేల్చుకోండి, చివరి నిమిషంలో టెన్షన్ పడొద్దు. టూరిస్టు వీసా మీద మిషనరీ పని చేయకూడదు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నవాళ్లు కూడా 2021 మార్చి 4 నాటి నోటిఫికేషన్ ప్రకారం మిషనరీ కార్యక్రమాలకు ముందుగా ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. బంధువుల ఇంటికి వచ్చి బడి చూసి వెళ్లడం వేరు, వేదిక మీద బోధించడం వేరు. డబ్బు విషయం ఇంకా జాగ్రత్త. అమెరికా పౌరులు ఇచ్చే విరాళం, వాళ్లు తెలుగువాళ్లయినా, విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే తీసుకోవాలి, అదీ ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో ఆ సంస్థకున్న ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాలోకే రావాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థకు వచ్చిన విదేశీ డబ్బు ఇంకో సంస్థకు బదిలీ చేయడానికి వీల్లేదు. మీ సంఘం ఖాతాలోకి తెప్పించి ట్రస్టుకు ఇద్దామనుకుంటే బడి వాళ్లే ఇరుక్కుంటారు. ఇండియన్ పాస్‌పోర్టుతోనే అక్కడ ఉద్యోగం చేస్తున్న ఎన్‌ఆర్‌ఐ తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. ఒక ఆడిటరును అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. ఆ నలుగురికి చేయడానికి వేరే మంచి పని ఉంది: ఆ బడి నుంచి పదో తరగతి పాసైన పిల్లలకు ఫోన్లో ఇంగ్లీషు, లెక్కలు చెప్పడం, వార్డెన్ పక్కన ఉండగా, వారానికి ఒక గంట. సిగ్నల్ దొరికే చోటు చూసుకోవాలి, అంతే.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, ఆ తర్వాత దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య గారు పాశ్చాత్య మిషనరీల ముందు నిలబడి, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులనివ్వండి అని అడిగారు. తమిళుడైన ఆయన తెలుగు నేర్చుకుని, దోర్నకల్‌లో పల్లె బడుల టీచర్ల మీద ఆధారపడే సంఘాన్ని కట్టారు. నేను ఆ బడి టీచర్ల తరఫున మిమ్మల్ని అడిగేది అదే. వారంలో ఒక సాయంత్రం పిల్లలందరినీ మీ వాళ్లు ఆడిస్తుండగా, టీచర్లను, వార్డెన్‌ను, వంటామెను కూర్చోబెట్టి మీరు వండి వడ్డించండి. వాళ్ల పిల్లలు ఏం చదువుతున్నారో అడగండి. వాళ్ల పేర్లు, పుట్టినరోజులు రాసుకోండి. టీచర్ల కోసం ప్రార్థన చేయండి, ప్రసంగం వద్దు. కొండ మీద ఏళ్ల తరబడి పనిచేసే ఆడ టీచరుకు ఎవరూ ఫోన్ చేసి "ఎలా ఉన్నారమ్మా" అని అడగరు. మీలో ఒక్కొక్కరు ఒక్కో టీచరుకు నెలకోసారి ఫోన్ చేసే పని పెట్టుకుంటే, ఏ సమస్య ఎప్పుడు వచ్చిందో మీకు తెలుస్తుంది. మళ్లీ వెళ్లినప్పుడు ఏం తీసుకెళ్లాలో వేరే ఎవర్నీ అడగక్కర్లేదు.

వెళ్లొచ్చాక ఏటా బడి మార్చకండి. "ఈసారి శ్రీకాకుళం వెళ్దాం, వచ్చేసారి ఆదిలాబాద్" అని యూత్ అడుగుతారు. చూడాలనే కోరిక సహజమే, దానికి వేరే పిక్నిక్ పెట్టండి. ఒకే బడి, కనీసం ఐదేళ్లు.

హెడ్‌మాస్టర్ గారికి ఫోన్ చేసేటప్పుడు ఉదయం ప్రార్థన గంట సమయంలో చేయకండి, సాయంత్రం నాలుగున్నర తర్వాత చేయండి. లైన్ దొరక్కపోతే వార్డెన్ నంబరు తీసుకోండి, వాళ్లు కొండ మీద సిగ్నల్ ఉన్న చోటికి వచ్చి తిరిగి చేస్తారు. మాట్లాడాక ఆయన ఏం అడిగారో ఇక్కడ రాస్తే, నాలుగు లక్షలు ఎలా సర్దాలో లెక్క వేయడానికి నేను సాయం చేస్తాను.